దీపావళి దాకా తెలుగు, పున్నమి దాటాక ఒడియా

మా మేనమామ దీపావళి దాకా తెలుగువాడు. కార్తీక పున్నమి దాటిందంటే ఒడియావాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న పదిహేను రోజులూ మాత్రం పాపం, తప్పించుకునే దారిలేక శాకాహారి.

తెలియనివాళ్లకి ఇది కాస్త విడమరిచి చెప్పాలి. మా జయపురంలో కార్తీకమాసం రెండుసార్లు వస్తుంది, రెండుసార్లు పోతుంది. ఒడియావాళ్లకి ఆశ్వయుజ పున్నమి వెళ్లిన మర్నాడే కార్తీకం మొదలు, కార్తీక పున్నమితో ఆఖరు. మన తెలుగువాళ్లకి దీపావళి వెళ్లాక మొదలై అమావాస్య దాకా సాగుతుంది. నెలంతా నీసు ముట్టని ఒడియావాళ్లు పున్నమి మర్నాడు తెల్లవారకముందే సంచులు పట్టుకుని మటన్ కొట్ల ముందు నిలబడతారు. ఆ రోజుని ఛాడఖాయి అంటారు. ఇన్నాళ్లూ వదిలేసింది మళ్లీ తినే పండగన్నమాట. ఊరు ఊరంతా మసాలా వాసన! తెలుగిళ్లలో మాత్రం ఇంకా దీపాలు పెట్టుకుంటూ, పప్పూ చారూ తింటూ, పక్కింటి వాసన పీలుస్తూ కూర్చోవాలి.

మా మావయ్య ఈ బాధ ఎన్నడూ పడలేదు. ఒడియా కార్తీకం మొదలయ్యాక ఈయన చేపల సంచితో వస్తుంటే పక్కింటివాళ్లు ముక్కు మూసుకుని, "ఏం మామూ, కార్తీకంలో చేపలా?" అనేవారు. "మేం తెలుగోలమమ్మా. మా కార్తీకం ఇంకా రానేదు" అని దర్జాగా లోపలికి పోయేవాడు. పున్నమి వెళ్లాక, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ఆయన్ని పట్టుకుని, "ఏటన్నియ్యా, అమాస రాకండానే మటనేటి?" అంటే, "నాను పుట్టింది ఎక్కడే? ఒడిశాలోన కాదేటి? రేషన్ కార్డు తియ్యమంటావేటి?" అని ఎదురు తిరిగేవాడు. రెండు పంచాంగాల మధ్య సందు చూసుకుని ఇంత హాయిగా బతికిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఈ ఏడు వానల్లో పోయాడు. మొన్న వెళ్లింది ఆయన లేని మొదటి ఛాడఖాయి. ఆ రోజు ఆయన గురించి ఒక సంగతి బయటపడింది. దాన్ని తలుచుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాను, మధ్యమధ్య ఒళ్లు మండుతోంది కూడా. అది చెప్పాలంటే ముందు ఆయన చెవి గురించి చెప్పాలి.

ఆయన కుడి చెవి మీద ఎప్పుడూ ఒక సన్నటి వెదురు పుల్ల ఉండేది, వడ్రంగి పెన్సిల్ పెట్టుకున్నట్టు. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టులో పనిచేసిన రోజుల్నించీ అలవాటు. రిటైరై జయపురంలో ఇల్లు కట్టుకున్నాక కూడా పుల్ల తనే చెక్కుకునేవాడు. భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుని ఆ పుల్ల తీశాడంటే ఆ పూట వంట పాసు. తియ్యకుండా లేచిపోయాడంటే ఫెయిలు. ఎంత రుచిగా ఉన్నా సరే! "పళ్లకి పని సెప్పని కూడు కూడేనేటే అమ్మీ?" అనేవాడు. మా బంధువుల పెళ్లిళ్లలో వంటవాళ్లు భోజనాల దగ్గర తొంగి చూసి, "మావ పుల్ల తీసేడా?" అని అడిగేవారు.

అలాంటి మనిషి మేనకోడలు శాకాహార హోటల్ పెట్టింది. ఆ మేనకోడల్ని నేనే.

మాదేమీ శాకాహార వంశం కాదు. గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు మా పుట్టిల్లు. ఎండుచేప లేనిదే మా అమ్మకి ముద్ద దిగదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? కానీ మా ఆయన రాయగడలో ఒక శాకాహార హోటల్లో ఏళ్ల తరబడి వంట చేశాడు. అతనికి తెలిసిన పని అదే. నాకు చెయ్యి తిరిగింది కూడా కూరగాయల మీదే. జయపురంలో బస్టాండుకి పోయే వీధిలో గది దొరికింది. పైన ఇంటి యజమానురాలు ఉంటుంది. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఒడియా ఆవిడ, ఊరంతా దిదీ అంటారు. కింద మేము. వీధి చివర మటన్ కొట్టు. మా గుమ్మంలో నిలబడితే కత్తి చప్పుడు వినిపిస్తుంది.

బోర్డు పెట్టిన రోజున మావయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడి తలెత్తి చదివాడు.

"శుద్ధ శాకాహారమా? ఇక్కడా? ఒలమ్మీ, నీకు మతుండే పెట్టేవా? నీకాడికి రావలసినోలంతా అదిగో, ఆ కొట్టుకాడ నిల్చున్నారు!"

"నువ్వు రాకు మావా. నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాను. మొదటి రోజే అలాంటి మాట అంటే ఎవరికి మండదు?

ఆయన పకపకా నవ్వి వెళ్లిపోయాడు. సోమవారం మధ్యాహ్నం మళ్లీ ప్రత్యక్షం! సోమవారాలు నీసు ముట్టడు, అదొక్కటే ఆయన పాటించే నియమం. పప్పు, బీన్స్ వేపుడు, సాంబారు, పెరుగు అన్నీ తిన్నాడు. బాగుందన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. నేను ఆయన చెవి వంకే చూస్తున్నాను. చెయ్యి పైకి లేచింది, జుట్టు సర్దుకుని కిందికి దిగింది. వెళ్లిపోయాడు. పుల్ల చెవి మీదే ఉంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వచ్చే సోమవారం వంకాయ చేశాను, ఫెయిలు. ఆ పై సోమవారం పనీర్ చేశాను. పనీర్ చూసి, "ఇదేటి, సబ్బుముక్క?" అన్నాడు. ఇంక ఆగలేకపోయాను. గరిటె పట్టుకునే వచ్చి ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"ఏం కావాలి మావా నీకు? చెప్పి చావు!"

ఆయనకి అసలు కోపం రాలేదు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఇనే అమ్మీ. కూరగాయలు తినీవోడికి ఒండకు. ఆడు ఎలాగా తింటాడు, ఏటి పెట్టినా తింటాడు. మటన్ తినీవోడికి ఒండు. ఆడు ముక్కతోటి దెబ్బలాడతాడే! పట్టుకుంటాడు, పీకుతాడు, ఎముక జుర్రుతాడు, సేతులు నాక్కుంటాడు. సెమటలు కారతాయి. నీ కాడ ఏటున్నాది? గరిటితో ఏసేవు, నోట్లోకి ఎల్లింది, అయిపోనాది. దెబ్బలాటేదీ?"

ఆ మాట మా హోటల్ రాతని మార్చేసింది. నిజం! ఆ రోజు సాయంత్రమే నేనూ మా ఆయనా కూర్చుని, చేతులకీ పళ్లకీ పని చెప్పేవి ఏమున్నాయా అని ఆలోచించాం. అప్పుడే వానలు పడి కొండల మీంచి వెదురు కొమ్ములు బజారుకి వస్తున్నాయి. వాటిని ఉలవలతో కలిపి కట్టెల పొయ్యి మీద పెట్టాం. ములక్కాడలు చిన్న ముక్కలు చెయ్యడం మానేసి జానెడు జానెడు పొడుగున వేశాం. పుట్టగొడుగులకి ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి పట్టించి, అడ్డాకులో చుట్టి, నారతో గట్టిగా ముడివేసి బొగ్గుల మీద కాల్చాం. ముడి విప్పుకోవాల్సింది తినేవాడే. కత్తెరలు లేవు, మేం సాయం చెయ్యం.

మళ్లీ సోమవారం వచ్చింది. మావయ్య విస్తరి ముందు కూర్చుని పొట్లం చూశాడు. నన్ను చూశాడు. ముడితో కుస్తీ పట్టాడు. పళ్లతో లాగాడు. ఆకు విప్పగానే ఆవిరి మొహానికి కొట్టి కళ్లజోడు మసకేసింది. "అబ్బబ్బబ్బ!" అన్నాడు. ములక్కాడలు జుర్రి జుర్రి విస్తరి పక్కన పోగు పెట్టాడు. ఉలవల రసం విస్తరి దాటి పోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. నుదుటి మీద చెమట. నేను వంటింటి తలుపు పక్కనించి చూస్తున్నాను, మా ఆయన నా వెనకనించి చూస్తున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. చెయ్యి పైకి వెళ్లింది. పుల్ల తీశాడు!

నేను కేక పెట్టేశాను. భోజనం చేస్తున్నవాళ్లంతా ఏమైందోనని లేచి నిలబడ్డారు.

ఆ రోజు నుంచి మావయ్య మాకు జీతంలేని బోర్డు. సోమవారంతో ఆగక గురువారం కూడా రావడం మొదలెట్టాడు. భోజనమయ్యాక వెంటనే ఇంటికి పోయేవాడు కాదు. సరిగ్గా మా గుమ్మం ముందు రోడ్డు వారగా నిలబడి, పొట్ట ముందుకి పెట్టి, వీధంతా చూసేట్టు పళ్లు కుట్టుకునేవాడు. "ఏం మామూ, మటనా?" అని దారినపోయేవాళ్లు అడిగితే తల అడ్డంగా ఊపి, పుల్లతో మా తలుపు చూపించేవాడు. ఆ పుల్ల చూసి లోపలికొచ్చినవాళ్లే మా మొదటి ఖాతాదారులు, అందరూ అసలు సిసలు మాంసం ప్రియులు.

ఎవరైనా తింటూ తింటూ, "అచ్చం మటన్‌లా ఉందండీ" అన్నారో, చచ్చారే! పక్క బల్ల మీంచి లేచి మరీ వచ్చేవాడు.

"మటన్ నాగుంటే మటనే తినొచ్చు కద బాబూ, ఇక్కడికెందుకొచ్చేవు? పుట్టగొడుగు పుట్టగొడుగు నాగున్నాది. సెయ్యి కడుక్కుని మళ్లీ రుసి సూడు!"

"మావా, ఖాతాదార్ల మీద అరవకు" అని నేను అరిచేదాన్ని.

"అరవకపోతే ఇంటారేటే?"

ఇలా నడుస్తుండగా ఒడియా కార్తీకం వచ్చింది. ఓరి నాయనో, ఆ జనం! విస్తళ్లు చాల్లేదు, కూర్చోడానికి చోటు చాల్లేదు. ఉల్లి తినేవాళ్లకి ఒక గిన్నె, తినని వాళ్లకి ఇంకో గిన్నె. దీపావళి వెళ్లాక తెలుగువాళ్లు కూడా వచ్చి పడ్డారు. మావయ్య సైతం వచ్చాడు, సందులేని పదిహేను రోజులు కదా! నేనూ మా ఆయనా గాల్లో తేలుతున్నాం. ఈ ఊరిని జయించేశాం అనుకున్నాం.

పున్నమికి ముందురోజు దిదీ మెట్లు దిగి వచ్చింది. దిదీ మంచిదే. కానీ లెక్కల టీచరు. మొహం మీద చెప్పేస్తుంది.

"చూడు, ఈ జనం నీ వంట కోసం రాలేదు, కార్తీకం కోసం వచ్చారు. ఎల్లుండి ఛాడఖాయి. ఎల్లుండి నుంచి ఈ బల్లల మీద ఈగలు కూర్చుంటాయి. మా మేనల్లుడు ఈ గదిలో బిర్యానీ హోటల్ పెడతానంటున్నాడు. మూతబడబోయే హోటల్ని నేను ఎన్నాళ్లు ఉంచుకోను? ఛాడఖాయి నాడు పైనించి చూస్తాను. ఆ రోజు కూడా నీ విస్తళ్లు నిండితే గది నీదే. లేకపోతే వాడిది."

"అలా ఏం జరగదు దిదీ" అన్నాను.

"దేఖిబా" అంది. చూద్దాం అని. దిదీ నోట ఆ మాట వచ్చిందంటే పరీక్ష పేపరు ఇచ్చినట్టే. తెచ్చుకోవాల్సిన మార్కులు మనవి.

మావయ్యకి చెప్పాను. చెవి మీద పుల్ల సర్దుకుని, "ఛాడఖాయి నాడా? ఆ రోజు ఎవులొస్తారే ఎర్రిదానా? నానే రాను!" అన్నాడు. అన్నాక నా మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఛాడఖాయి నాడు మటన్ కొట్టు ముందు మొట్టమొదట నిలబడే మనిషి ఆయనే. మాచ్‌ఖండ్‌లో ఉన్న రోజుల్లో కూడా జ్వరంతో వెళ్లి నిలబడ్డాడని మా అత్త చెప్పేది.

ఛాడఖాయి వచ్చింది. మేం మామూలు కంటే ఎక్కువే వండాం, మొండి ధైర్యం. పొద్దెక్కింది. ఒక్క మనిషి రాలేదు. పొట్లాలు బొగ్గుల మీద వాడిపోతున్నాయి. మా ఆయన తుడిచిన బల్లే తుడుస్తున్నాడు. పైన వరండాలో దిదీ కుర్చీ చప్పుడు వినిపిస్తోంది. వీధి చివర మటన్ కొట్టు ముందు లైను మా గుమ్మం దాకా సాగింది. మా హోటల్ ముందు నిలబడిన జనమంతా మాకు వీపు పెట్టి నిలబడ్డారు! అంతకంటే అవమానం ఇంకేం కావాలి? నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఇంక అయిపోయింది, మళ్లీ రాయగడ పోయి ఇంకొకళ్ల వంటింట్లో పని చూసుకోవాలి అనుకున్నాను.

లైను మొదట్లో మావయ్య ఉన్నాడు. చేతిలో సంచి, చెవి మీద పుల్ల. కొట్టు యజమాని ఒడియా అతను, అందరూ భాయినా అంటారు. అతను కత్తి నూరుకుని ఏదో అడిగాడు, ఎంత కొట్టమంటావని కాబోలు. మావయ్య వెనక్కి తిరిగి మా హోటల్ వంక చూశాడు. గుమ్మంలో నేను, నా వెనక ఖాళీ బల్లలు. తరవాత సంచి మడిచి చంకలో పెట్టుకుని లైన్లోంచి బయటికొచ్చాడు.

"ఏటర్రా!"

ఆ కేకకి మటన్ కొట్టు మీద కాకులు లేచిపోయాయి.

"ఏటర్రా తెలుగోలంతా ఇక్కడ నిల్చున్నారు? మన కార్తీకం ఎప్పుడు అయిపోనాది? అమాస ఎప్పుడు ఎల్లిపోనాది? నాకు సెప్పకండా పంచాంగం ఏటైనా మార్చేరేటి?"

లైన్లో సగంమంది తలలు దించుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఈ ఊళ్లో మా మావయ్యలాంటి ఒడియావాళ్లు ఎంతమంది ఉన్నారో!

"నువ్వూ లైన్లోనే ఉన్నావు కద మావా, అందరికంటే ముందున్నావు" అన్నాడొకాయన.

"ఉన్నాను! సిగ్గునేక ఉన్నాను! ఇప్పుడొచ్చింది సిగ్గు, ఎల్లిపోతన్నాను. మరి మీకు రాదేటి?"

రైసుమిల్లు గుమాస్తా ఒకాయన మెల్లిగా, "మా ఆవిడ ఒడియా అండీ" అన్నాడు.

"అయితే ఆయమ్మని పంపు లైన్లోకి! నువ్వు నడు!"

నడవక ఏం చేస్తారు? వీధి వీధంతా చూస్తోంది, పైగా ఒడియావాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. వాళ్లకేం, లైను సగం ఖాళీ అయి ముందుకి జరిగింది. భాయినా కత్తి పట్టుకుని, "ఏయ్ మామూ! నా బేరం చెడగొడతావా?" అని అరుస్తున్నాడు. మావయ్య వెనక్కి చూడకుండా, ఖాళీ సంచి చంకలో పెట్టుకుని, మేకల్ని తోలుకొచ్చినట్టు తెలుగువాళ్లందర్నీ మా గుమ్మంలోకి తోలుకొచ్చాడు.

"ఏటలాగ సూస్తావే అమ్మీ? ఇస్తళ్లు ఎయ్యి!"

వేశాను! పరిగెత్తి పరిగెత్తి వేశాను. ఎవరు ఏం అడుగుతున్నారో తెలియలేదు, మా ఆయన పొట్లాలు విసురుతున్నట్టే వడ్డించాడు. మొదట మొహాలు మాడ్చుకున్నవాళ్లు ముడులు విప్పడం మొదలెట్టాక మాటల్లో పడ్డారు. ఇంతలో ఒడియావాళ్లు కూడా వచ్చారు! ఎందుకంటారా? మాంసం ఇంట్లో ఇచ్చేశారు, అది ఉడకాలి కదా! ఆ వాసనకి ఆకలి ఆగక, ఉడికేలోపు ఏదో ఒకటి తిందామని మా దగ్గరికి వచ్చారు. ఒక్కొక్కరు పొట్లం మీద పొట్లం లాగించారు. ఇంటికెళ్లి ఆ మటన్ ఎలా తిన్నారో వాళ్లకే తెలియాలి.

దిదీ మెట్లు దిగింది. జనం సర్దుకుని చోటిచ్చారు. విస్తరి ముందు కూర్చుని, కళ్లజోడు పైకి పెట్టుకుని, ఓపిగ్గా ముడి విప్పి తిన్నది. ములక్కాడ జుర్రింది. ఆవిడ లేచి, చెయ్యి కడుక్కుని, నా భుజం తట్టి, "దేఖిలి" అంది. చూశాను అని. అంతే, పైకి వెళ్లిపోయింది.

ఒక మూల మావయ్య ఒక్కడూ పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆయన పక్కన బల్ల మీద మడతపెట్టిన ఖాళీ సంచి. అది చూసేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు.

"మావా, నీ మటన్..."

"మటన్ ఎక్కడికెల్తాదే? మళ్లీ ఆదివారం కొడతాడు. నీ కొట్టు పోతే మళ్లీ ఎక్కడినుంచి తెస్తాను?" అన్నాడు. తరవాత మొహం తిప్పుకుని, "ఉలవల్లోన ఉప్పు సాల్నేదు" అన్నాడు.

ఉప్పు సరిపోయింది. నాకు తెలుసు.

అప్పటికప్పుడు నేను దండం పెట్టి ఒట్టు వేసుకున్నాను. "మావా, నాకోసం నువ్వు ఛాడఖాయి వదిలేశావు. ఇంక నేనూ అమావాస్య దాకా నీసు ముట్టను. బతికున్నంతకాలం ముట్టను." ఎందుకంటే, నిజం చెప్పొద్దూ, అంతకుముందు మేమూ ఛాడఖాయి నాడు ఒడియావాళ్లమే.

ఆయన పుల్ల ఆపి కంగారుగా చూశాడు. "అంతొద్దే అమ్మీ. బతికున్నంతకాలం అనీకు" అన్నాడు. నా మీద జాలిపడ్డాడనుకుని ఇంకా గట్టిగా ఒట్టు వేశాను.

ఆ తరవాత ప్రతి ఛాడఖాయికీ అదే తంతు. ఊరు ఎదురుచూసేది దానికోసం. మావయ్య మటన్ కొట్టు దగ్గర నిలబడి, "ఏటర్రా!" అని ఒక్క కేక వేసేవాడు, తెలుగువాళ్లు నవ్వుకుంటూ మా హోటల్‌కి వచ్చేసేవారు. కొంతమంది ఆ కేక వినడానికే లైన్లో నిలబడేవారు. ఆయన వాళ్లతోపాటు కూర్చుని ఒక పొట్లం విప్పేవాడు. మొదటి ఏడాదిలా మారు అడిగేవాడు కాదు, నాలుగు ముద్దలు తిని, "ఇంటికాడ పనున్నాదే" అని లేచేవాడు. వయసు మీదపడింది పాపం అనుకునేదాన్ని. ఇంతటి మాంసాహారి నాకోసం ఏటేటా మానేస్తున్నాడు కదా అని లోలోపల కుమిలేదాన్ని. ఇంటికి పట్టుకెళ్లమని పొట్లాలు కట్టిచ్చేదాన్ని కూడా!

సరే, మొన్నటి ఛాడఖాయికి వస్తాను. ఆయన లేడు, కేక లేదు. ఈ ఏడు ఎవరొస్తారులే అని బెంగపడుతూనే పొయ్యి వెలిగించాం. వచ్చారు! ఎవరూ పిలవకుండానే వచ్చారు. రైసుమిల్లు గుమాస్తా గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, "ఏటర్రా!" అని అరిచి లోపలికి వచ్చాడు. అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చాను.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఎవరొచ్చారో తెలుసా? భాయినా! కొట్టు కట్టేసి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇన్నేళ్లలో మా గడప తొక్కలేదు, తొక్కుతాడా మరి, మావయ్య చేసిన పనికి! మావయ్య కూర్చునే బల్ల దగ్గరే కూర్చుని పొట్లం తిన్నాడు. తిన్నాక కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచి తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఆకులో చుట్టిన మటన్.

"ఇది మీ మామూది. పొద్దున్నే అలవాటుగా పక్కన పెట్టేశాను. పెట్టాక గుర్తొచ్చింది, మనిషి లేడని. అమ్మడానికి చెయ్యి రాలేదు."

"ఆయన ఛాడఖాయి నాడు తినేవాడు కాదు కదా భాయినా?" అన్నాను.

భాయినా నన్ను వింతగా చూశాడు. తరవాత నవ్వు మొదలెట్టాడు.

"మొదటి ఏడు తినలేదు, నిజం. వట్టి సంచితో పోయాడు, నా కళ్లతో చూశాను. రెండో ఏడు చీకటితోనే మా ఇంటి తలుపు కొట్టాడు. ముందు నా వాటా కొట్టి ఇంటికి పంపెయ్, తరవాత వచ్చి నీ లైను చెడగొడతాను అన్నాడు. ప్రతి ఏడూ అంతే. మా మేనకోడలికి చెప్పకు, అది నాకోసం అమావాస్య దాకా మానేసింది, తెలిస్తే గరిటెతో కొడుతుంది అనేవాడు."

నాలుగు ముద్దలు తిని లేచిపోవడం! ఇంటికాడ పని! ఓరి మావా! నేను ఏటేటా పక్కింటి మసాలా వాసన పీల్చుకుంటూ, ఒట్టు తలుచుకుంటూ పప్పన్నం తింటుంటే నువ్వు ఇంట్లో దర్జాగా కూర్చుని ఎముకలు జుర్రావన్నమాట! మళ్లీ నేనిచ్చిన పొట్లాలు కూడా పట్టుకెళ్లావే!

అత్తకి ఫోన్ చేశాను. మావయ్య పోయాక ఆవిడ రాయగడలో కూతురి దగ్గరుంటోంది.

"అత్తా, నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలకేటే? ఒండింది నానే కదా!" అని ఫోన్లోనే విరగబడి నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. నవ్వీ నవ్వీ, ముక్కు చీది, "మామ్మూలు రోజుల్లోన మటన్‌లోకి బంగాలదుంపలెయ్యనిచ్చీవోడు కాదే మీ మావ. ఛాడఖాయి నాడు మాత్రం ఎయ్యమనీవోడు. ఒడియావోలు ఎయ్యకండా ఒండరు కదే, ఇయ్యాల మనం ఒడియావోలమే అనీవోడు" అంది.

ఫోన్ పెట్టేసి మళ్లీ ఆ బల్ల దగ్గరికి వచ్చాను. బల్ల మీద ఆకు పొట్లం అలాగే ఉంది. మా ఆయన దాని వంక చూస్తున్నాడు, నా వంక చూస్తున్నాడు. హోటల్ వంటింట్లో నీసు వండం, అది ఎప్పటికీ తప్పం. సంచి పట్టుకుని వెనక వాటాలో ఉన్న మా ఇంటికి నడిచాను. అతను నా వెనకే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మన కార్తీకం ఇంకా అయిపోలేదు కదా? ఒట్టు కూడా వేసుకున్నావు."

"ఇవాళ మనం ఒడియావాళ్లం" అన్నాను. "నువ్వు కూర్చుని దుంపలు కొయ్యి."